సాక్షి చెయ్యి ఎటు ఊగింది?

ఈ మధ్య టైపిస్టు పరీక్ష పాసై కోర్టులో కొత్తగా చేరిన ఒకమ్మాయి వరంగల్ సుబేదారిలో మా ఇంటికి వచ్చింది. టీ తాగుతూ, "మేడమ్, సాక్షుల మాటలు ఇంగ్లీషులకు మార్చనీకి ఏ డిక్షనరీ కొనుక్కోమంటరు?" అని అడిగింది. ఏదో ఒకటి కొనుక్కో, కానీ సాక్షి మాట్లాడుతున్నప్పుడు మాత్రం దాన్ని తెరవకు అన్నాను. ఆమెకు నచ్చలేదు. మర్యాదకు తలూపి వెళ్లిపోయింది. ఆ అమ్మాయికీ, అలాంటి మిగతావాళ్లకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా కోర్టు హాళ్లలో పనిచేశాను. మొదట టైపిస్టుగా, తర్వాత అనువాదకురాలిగా. మా పని బయటివాళ్లకు అంతగా తెలియదు. సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెబుతాడు. జడ్జిగారు విని ఇంగ్లీషులో చెబుతుంటే మేం టైపు చేస్తాం, మాట తోచకపోతే అందిస్తాం. అంతా అయ్యాక ఆ ఇంగ్లీషు వాంగ్మూలాన్ని తెలుగులో సాక్షికి చదివి వినిపిస్తాం. సరే అంటే సంతకమో వేలిముద్రో వేయించుకుంటాం. ఆ తర్వాత సాక్షి ఊరికి వెళ్లిపోతాడు, కాగితం మాత్రం కోర్టులో ఉండిపోతుంది. తీర్పు వచ్చేది ఆ కాగితాన్ని బట్టే.

నాకు ఏ ప్రమోషన్ ఎప్పుడు వచ్చింది, ఎవరు అడ్డం పడ్డారు అన్నది ఇక్కడ రాయను. అది రాస్తే మా ఆయన కూడా చదవడు.

వంకరల్లో రకాలు

మనవాళ్లు నోటితో సగం, చేతులతో సగం మాట్లాడతారు. "బండి ఇట్ల వచ్చింది సార్" అని చెయ్యి ఊపుతారు. 'ఇట్ల' అన్నది హాల్లో ఉన్న అందరికీ అర్థమవుతుంది. కాగితం మీద మాత్రం దానికి విలువ లేదు. ఆ చెయ్యి ఊపును ఇంగ్లీషు మాటగా మార్చడమే మా ఉద్యోగం. అందులో నన్ను అన్నిటికంటే ఎక్కువ సతాయించినవి వంకరల మాటలు, ఊగడాల మాటలు.

ఇంగ్లీషు వాళ్లకు వంకరలంటే ఇష్టమేమో తెలియదు గానీ, వాటికి లెక్కలేనన్ని పేర్లు పెట్టుకున్నారు. వాగు నెమ్మదిగా మెలికలు తిరుగుతూ పోతే మియాండర్. పాము పోయినట్టు ఉంటే సర్పెంటైన్. పదునైన మూలలతో అటూ ఇటూ తిరిగితే జిగ్‌జాగ్. సక్కగా పోయే బండి ఒక్కసారి పక్కకు కోస్తే స్వర్వ్. ఇరుసులో కుదురు లేని చక్రం అల్లాడితే వాబుల్. తాగినవాడి అడుగు తూలితే స్టాగర్. ఒక కొస పట్టుకొని ఉండగా రెండో కొస అటూ ఇటూ ఊగితే స్వే. చదవడానికి అన్నీ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. కేసులో పెడితే మాత్రం ఒకటి మనిషిని ఇంటికి పంపుతుంది, ఇంకొకటి జైలుకు పంపుతుంది.

నాకు పని నేర్పింది మా సీనియర్ అనువాదకుడు విఠల్ సార్. బక్కపలచని మనిషి, నోరు మాత్రం బక్కది కాదు. "ముందు సాక్షి చెయ్యి చూడు. చూసినంక మాట ఎతుకు. మాట ముందే పట్టుకొని చెయ్యిని దాంట్ల కుక్కకు" అనేవారు.

ఆ మాట నాకు మొదట ఎక్కలేదు. రఘునాథపల్లి వైపు ఒక భూమి తగాదాలో హద్దు ఒక వాగు. ముసలి రైతు ఒకాయన బోనులో నిలబడి, చెప్పు విడిచి, కాలి బొటనవేలితో నేల మీద వాగు గీసి చూపించాడు. "ఈడికెళ్లి ఇట్లొచ్చి, తూర్పుకు మళ్లి, మళ్ల పడమర దిక్కు వాపసొస్తది" అన్నాడు. వకీలుగారు తన సొంత ఇంగ్లీషు మీద ముచ్చటపడి 'సర్పెంటైన్' అని అందించారు. వినడానికి గంభీరంగా ఉంది. జడ్జిగారూ సరే అన్నారు, నేనూ సంతోషంగా టైపు కొట్టేశాను. తర్వాత చూస్తే తగాదా పడ్డ ముప్పావు ఎకరం సరిగ్గా వాగు రెండో వంపు కడుపులో ఉంది. కాగితంలో వంపులు ఎన్నో లేదు, ఎటువైపో లేదు. ఆ రైతును ఇంకోసారి పిలిపించాల్సి వచ్చింది. విఠల్ సార్ నన్ను నలుగురిలో కోప్పడ్డారు. "అందమైన మాట దొరికితే అనుమానపడు. ఆయన కాలుతోని రెండు వంపులు గీసిండు, నువ్వు పామును రాసినవు" అన్నారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదని తెలిసే మాట్లాడలేదు.

సాంబయ్య జంపఖానా

రెండో పాఠం నేతగాళ్లుండే కొత్తవాడ నుంచి వచ్చింది. సాంబయ్య అని జంపఖానాలు నేసే ఆయన. ఆయన మగ్గం షెడ్డులోంచి నాలుగు జంపఖానాలు దొంగతనం పోయాయి. తర్వాత ఒక దుకాణంలో దొరికాయి. అవి తనవేనని ఆయన ఎలా గుర్తుపడతాడన్నదే కేసు. అంచు మీద తాను నేసే గీతను వేలితో గాలిలో పైకీ కిందికీ ఆడించి చూపించాడు. నేను 'వేవీ లైన్స్' అని అందించి టైపు చేశాను. అంటే అలల్లాంటి గీతలు.

అవతలి వకీలుగారు చురుకైన మనిషి. దొరికిన జంపఖానాను తెచ్చి సాంబయ్య ముందు పరిచి, "ఇందులో అలలెక్కడున్నయి చూపించు" అన్నారు. సాంబయ్య తెల్లబోయాడు. "అల అని నేనెప్పుడన్న సార్? మా మగ్గం మీద అల రాదు. మెట్టు మెట్టుగ ఎక్కుతది, కొసకు పోయి మళ్ల దిగుతది" అన్నాడు. హాల్లో ఎవరో నవ్వారు. జడ్జిగారు మంచివారు కాబట్టి ఆ జవాబును పూర్తిగా రాయించారు. లేకపోతే సాంబయ్య తన చేత్తో నేసిన సరుకు తనదని చెప్పుకోలేకపోయేవాడు.

కేసు అయిపోయి, జంపఖానాలు తీసుకుపోవడానికి వచ్చిన రోజు ఆయన నన్ను పిలిచాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. జంపఖానా విప్పి, "ఈడ ఏలు పెట్టున్రి మేడమ్" అన్నాడు. పెట్టాను. "కొస తగుల్తాందా? అగో, అది గీత మలిగే జాగ. జర యాదుంచుకోన్రి" అన్నాడు. మూల ఉంటేనే జిగ్‌జాగ్ అని నాకు నేర్పింది ఏ పుస్తకమూ కాదు, ఆయన జంపఖానా అంచు.

ఆ తర్వాత నేను ఈ విషయంలో ఆరితేరానని పేరొచ్చింది. పక్క హాళ్ల నుంచి కూడా టైపిస్టులు వచ్చి అడిగేవాళ్లు. నాకూ అలాగే అనిపించేది. అక్కడే నా అసలు తప్పు మొదలైంది.

నేను అందించిన మాట

అప్పటికి విఠల్ సార్ రిటైరయ్యారు. మా హాలుకు వచ్చిన జడ్జిగారిది కోస్తా వైపు. మితంగా మాట్లాడతారు, నిక్కచ్చి మనిషి. మన పల్లె మాట ఎక్కడైనా అందకపోతే డిక్టేషన్ ఆపి నా వైపు చూసేవారు. నేను వెంటనే మాట అందించేదాన్ని. ఆయన ఆగడం, నేను అందించడం అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే ఆయన ఎప్పుడు ఆగుతారా అని ఎదురుచూసేదాన్ని. మాతోపాటు బెంచి క్లర్కు రహీం ఉండేవాడు, అవసరమైతే టైపు కూడా చేసేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు.

కేసు సారయ్య అనే ట్రాక్టర్ డ్రైవర్ మీద. వేరేవాళ్ల ట్రాక్టర్ కూలికి నడుపుతాడు. పత్తి లోడు వేసుకొని వరంగల్ మార్కెట్‌కు వస్తుంటే, మలుపు దగ్గర ట్రాలీ వెనక భాగం పక్కకు వచ్చి రోడ్డంచున నడుస్తున్న ఒకాయనకు తగిలింది. ఆయన చనిపోయాడు. సారయ్య అజాగ్రత్తగా, దూకుడుగా నడిపాడని కేసు. రుజువైతే జైలు, లైసెన్సు పోవడం ఖాయం. ఆ మనిషికి స్టీరింగ్ పట్టడం తప్ప వేరే పని రాదు.

చూసినవాళ్లలో ముఖ్యమైన సాక్షి కొమురమ్మ. పత్తి ఏరడానికి పోతూ రోడ్డు పక్కన ఆగిందట. అరవై దాటిన మనిషి, చదువు లేదు, బెదురూ లేదు. బోనులో నిలబడి రెండు చేతులూ చాచింది. ఎడమ చెయ్యి ముందు, కుడి చెయ్యి దాని వెనక. "ట్రాక్టర్ సక్కగనే వస్తాంది సార్. ఎనక ట్రాలీనే ఇట్లిట్ల ఊగుకుంట వస్తాంది" అంటూ కుడి చెయ్యి మాత్రం అటూ ఇటూ ఆడించింది. ఎడమ చెయ్యి కదల్లేదు. అది నా కళ్లారా చూశాను.

జడ్జిగారు ఆగి నా వైపు చూశారు. నా ముందు పోలీసు కాగితాలు ఉన్నాయి. యాక్సిడెంట్ కేసంటే చాలు, వాటిలో 'జిగ్‌జాగ్ మ్యానర్' అని అచ్చుగుద్దినట్టు ఉంటుంది. నా నోటికి అదే వచ్చింది. "జిగ్‌జాగ్ సార్" అన్నాను. 'ట్రాక్టర్ జిగ్‌జాగ్‌గా వచ్చింది' అని ఆయన చెప్పారు, నేను టైపు చేశాను. సారయ్య వకీలు కుర్రవాడు. ఆ మాటను రోజూ చూసీ చూసీ అతని కళ్లూ దాని మీద ఆగలేదు.

ఇక చదివి వినిపించడం. అందులో జరిగింది మా వృత్తివాళ్లు మాత్రమే చేయగల తప్పు, కాబట్టి శ్రద్ధగా చదవండి. నా ముందున్నది ఇంగ్లీషు కాగితం. నేను దాన్ని తెలుగులో చెప్పాలి. కానీ పావుగంట కింద విన్న కొమురమ్మ తెలుగు ఇంకా నా చెవుల్లోనే ఉంది. కాగితం మీద కళ్లు పెట్టి, చెవుల్లో ఉన్నది చదివాను. "ట్రాక్టర్ సక్కగనే వస్తోంది, వెనక ట్రాలీ ఊగుతూ వస్తోంది" అన్నాను. "ఔ, గదే" అని ఆమె వేలిముద్ర వేసింది. ఆమె ఒప్పుకున్నది ఒకటి, ముద్ర వేసింది ఇంకోదాని మీద. ఆ సంగతి ఆమెకు తెలియదు. నాకూ తెలియలేదు.

మధ్యాహ్నం వరకు

వాదనల రోజు ప్రభుత్వ వకీలు లేచి ఆ వాక్యం చదివారు. ట్రాక్టరే జిగ్‌జాగ్‌గా వచ్చిందంటే డ్రైవర్ ఒళ్లు తెలియకుండా నడిపాడనే కదా అన్నారు. సారయ్యకు ఇంగ్లీషు రాదు. కానీ డ్రైవర్లకు జిగ్‌జాగ్ అన్న మాట బాగా తెలుసు. బోనులోంచి చేతులు జోడించి, "సార్, ఆమె అట్ల అనలే. ఆ దినం నేను గీడ్నే ఉన్న" అన్నాడు.

జడ్జిగారు నన్ను అడిగారు. "చదివి వినిపించారా?"

"వినిపించాను సార్" అన్నాను. నిజమే అనుకుని చెప్పాను.

"ఇంకేం, ఆమె ఒప్పుకుని ముద్ర వేసింది కదా" అని ఆయన ముందుకు పోయారు. సారయ్య నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఆ చూపులో కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది.

భోజనాల వేళ డబ్బా పక్కన పెట్టి వాంగ్మూలం తీసి చూశాను. 'ట్రాలీ' అన్న మాట ఆ వాక్యంలో ఎక్కడా లేదు. కొమురమ్మ ఎడమ చెయ్యి కదలకుండా ఉండడం మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. అప్పుడు అర్థమైంది, నేను ఏం చదివానో. సాంబయ్య నా వేలు పట్టి నేర్పిన మాటనే నేను తీసుకుపోయి ఇంకో మనిషి మెడకు తగిలించాను.

రహీంకు చెప్పాను. అతను కాగితం చూసి, చుట్టూ చూసి, "అక్కా, డిక్టేషన్ సార్‌ది, ముద్ర ఆమెది. నువ్వెందుకు నెత్తికెక్కించుకుంటవు? వకీలు ఉన్నడు కదా, ఆయన చూసుకుంటడు" అన్నాడు. నా మీద ప్రేమతోనే అన్నాడు. ఒక్క క్షణం ఆ మాట నాకు చాలా హాయిగా అనిపించింది. అది దాచను.

కానీ ఆ వకీలు చూసుకోడు. ఎందుకంటే కాగితంలో తప్పున్నట్టు కనబడదు. అది చక్కటి ఇంగ్లీషు. తప్పుందని ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు.

జడ్జిగారి గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన వింటూ పెన్ను మూత పెట్టారు.

"పొద్దున చదివి వినిపించానన్నారుగా?"

"వినిపించాను సార్. కాగితంలో ఉన్నది కాదు. ఆమె చెప్పింది గుర్తుంది, అదే చెప్పేశాను. జిగ్‌జాగ్ అన్న మాట కూడా నేనే అందించాను."

"నేనూ ఆమె చేతులు చూశాను. మీరు చెప్పారని చూసింది వదిలేశాను" అన్నారాయన. తర్వాత, "ఇదంతా రాసివ్వండి. మీకు మెమో వస్తుంది, తెలుసుగా?" అన్నారు. తెలుసన్నాను. రాసిచ్చాను. మెమో వచ్చింది. నా సర్వీసులో అదొక్కటే మెమో. దాన్ని చింపెయ్యలేదు, అడిగితే చూపిస్తాను.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. పై అధికారి మన మాట నమ్ముతున్నాడంటే అది మనకు గౌరవం అనుకుంటాం. అది సాక్షికి ప్రమాదం కూడా. ఆయన ఆగి చూసిన ప్రతిసారీ నేను జవాబు ఇవ్వకుండా, "సాక్షిని ఇంకోసారి చూపించమనండి సార్" అని ఉంటే సరిపోయేది. ఆ ఒక్క వాక్యం అనడానికి నాకు పొగరు అడ్డం వచ్చింది.

మళ్లీ బోనులో

జడ్జిగారు ఇరువైపులవాళ్లకు చెప్పి, కొమురమ్మను మళ్లీ పిలిపించారు. పత్తి ఏరే రోజులు. పని వదులుకొని వచ్చింది. బోనెక్కుతూనే, "మళ్ల ఎందుకు పిలిచిండ్రు సార్? నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?" అని అడిగింది. లేదు, రాసిన దాంట్లో పొరపాటు జరిగింది, నువ్వు చూసింది ఇంకోసారి చెప్పు అన్నారు జడ్జిగారు. ఆమె చెప్పింది. అవే మాటలు, అవే చేతులు. ఈసారి ఆయన మాట కోసం ఎదురుచూడలేదు. సాక్షి ఎడమ చెయ్యి కదలకుండా ముందుకు చాచి ఉంది, దాని వెనక కుడి చెయ్యి అటూ ఇటూ ఊగుతోంది అని ముందు చేతులనే రాయించారు. ఆ తర్వాతే 'స్వేయింగ్' అన్న మాట పడింది, అదీ ట్రాలీ పక్కన.

ప్రభుత్వ వకీలు గట్టిగానే ప్రశ్నలేశారు. వేగం ఎంత ఉందని అడిగారు. "నేను నడిసేదానికన్న జర ముంగట పోతుండె, అంతే" అంది.

నేను కాగితం తీసుకొని లేచాను. ఈసారి ఒక్కో మాట మీద వేలు పెట్టి, కాగితంలో ఉన్నదే, ఉన్నట్టే తెలుగులో చదివాను. ఇంత జాగ్రత్తగా నా జన్మలో ఎప్పుడూ చదవలేదు. పూర్తయ్యాక తలెత్తి, "సరిగ్గా ఉందా అమ్మా?" అని అడిగాను.

కొమురమ్మ నా ముఖం వైపు చూసింది. "అప్పుడు గూడ గిట్లనే సదివినవు కద బిడ్డా" అంది.

ఆమె తిట్టడం లేదు, దెప్పడం లేదు. జరిగిందే చెబుతోంది. ఇంకు ప్యాడ్ ముందుకు జరిపితే చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వు గాదు. ఇంకోలతోని సదివియ్యిన్రి సార్. అప్పుడు ఏస్త" అంది జడ్జిగారితో.

జడ్జిగారు రహీం వైపు చూసి తలూపారు. నేను కాగితం రహీం చేతికిచ్చాను. అతను మొదటి నుంచి చదివాడు. నేను చదివిందీ, అతను చదివిందీ ఒక్కటే. అతను చదువుతున్నంతసేపూ కొమురమ్మ అతని వైపు చూడలేదు, నన్నే చూసింది. అయ్యాక బొటనవేలు ప్యాడ్ మీద ఒత్తి, కాగితం మీద ముద్ర వేసి, కొంగుకు వేలు తుడుచుకొని దిగి వెళ్లిపోయింది.

సారయ్య మీద కేసు నిలవలేదు. ట్రాలీని కలిపే పిన్ను అరిగి సన్నబడిందని అతను ఓనర్‌కు ముందే చెప్పాడనీ, అయినా బండి తీశాడనీ విచారణలో తేలింది. కాబట్టి అతనిది ఏ తప్పూ లేదని నేను అనను. పోయినాయన ఇంటివాళ్ల ముందు ఆ మాట అనలేను కూడా. కానీ అతను ఒళ్లు తెలియకుండా నడపలేదు. చేయని తప్పును అతని మీద రాసింది నేను, అది తీసేయించిందీ నేనే. మొదటిది ఎంత గట్టిగా చెబుతానో రెండోదీ అంతే గట్టిగా చెబుతాను.

రిటైరయ్యే రోజు వరకు నేను టైపు చేసిన వాంగ్మూలాన్ని నేను చదివి వినిపించలేదు. రహీం టైపు చేసినవి నేను చదివేదాన్ని, నావి అతను చదివేవాడు. పని ఆలస్యమవుతోందని కొందరు విసుక్కున్నారు. రూల్స్‌లో ఎక్కడుందని ఒక కొత్త ఆఫీసర్ అడిగారు. ఎక్కడా లేదు సార్, ఒక సాక్షి పెట్టిన రూలు అన్నాను.